చదువుకొను బిడ్డల పూటకూళ్లు



ఈ దినమున నేను మనవి చేయబోవు విషయము చూచుటకు చిన్నది. చదువు నిమిత్తము బందరు, గుడివాడ, అవనిగడ్డ మొదలగు పట్టణములకు పోయిన మన బిడ్డలు అచ్చట నెక్కడ తినుచున్నారు, ఏమి తినుచున్నారు, ఎక్కడ తినదగును అనునదే యా విషయము. బిడ్డను కళాశాలలో చేర్చునపుడు మనము బోధకులను గూర్చి విచారింతుము. రుసుమును గూర్చి విచారింతుము. ఉండబోవు గదిని చూచి వత్తుము. అన్నము మాట వచ్చునప్పటికి “అక్కడ హోటళ్లున్నవి గదా” యని యొక్కమాటతో ముగించి బస్సెక్కుదుము. ఆ యొక్కమాటను నేడు కొంచెము విప్పి చూతము.

మన కృష్ణానది తుది ప్రాంతము చదువులకు పాత కాణాచి. బందరులో 1843వ సంవత్సరమున రాబర్టు నోబుల్ దొర పాఠశాల నెలకొల్పెను. అదియే పెరిగి నోబుల్ కళాశాల యయ్యెను. 1910లో కోపల్లె హనుమంతరావు గారు ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభిసీతారామయ్య గార్లతో కలసి ఆంధ్ర జాతీయ కళాశాలను స్థాపించిరి. చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి గారు ఆ పట్టణముననే హిందూ ఉన్నత పాఠశాలలో తెలుగు పండితులుగా నుండిరి. గుడివాడలో 1950లో వెలసిన కళాశాల నేడు అక్కినేని నాగేశ్వరరావు గారి పేర నున్నది. 2008లో కృష్ణా విశ్వవిద్యాలయము బందరు కేంద్రముగా నేర్పడెను; దాని ప్రాంగణము ఊరి వెలుపల రుద్రవరమున నున్నది. బందరునకును గుడివాడకును నడుమ గుడ్లవల్లేరులో ఇంజనీరింగు కళాశాల కలదు. ఇక దివిసీమలోని అవనిగడ్డ, ఉపాధ్యాయోద్యోగపు పరీక్షకు శిక్షణ నిచ్చు ఊరుగా రాష్ట్రమంతట పేరు వడసినది. ఉత్తరపు జిల్లాల నుండియు, రాయలసీమ నుండియు వయసువచ్చిన యువతీయువకులు వచ్చి, గదులు అద్దెకు తీసికొని, నెలల తరబడి యక్కడ చదువుదురు. ఇందఱికిని పూటపూటకు అన్నము కావలెను గదా!

పూర్వము చదువుకొనువాని కడుపు నిండుటకు మూడు మార్గము లుండెడివి. మొదటిది గురుగృహమున భోజనము. రెండవది మధుకరము; తుమ్మెద పూవుపూవునకు పోయినట్లు విద్యార్థి యింటింటికి పోయి పిడికెడేసి యన్నము తెచ్చుకొని తినుట. మూడవది వారములు. ఈ మాట మీలో చాలమంది యెఱిగినదే. వారమునందలి యేడు దినములకు ఏడు గృహములు కుదుర్చుకొని, సోమవారమున నొక యింట, మంగళవారమున నొక యింట భుజించుచు చదువు సాగించుట. మా గురువుగారు బాల్యమున వారములు చేసికొని చదివినవారే. “ఆ యిండ్ల యజమానుల పేళ్లు కొన్ని మఱచితిని గాని, అడుగక మున్నే రెండవమాఱు నెయ్యి వడ్డించిన తల్లి ముఖము మఱవలేదు” అని వారు మాతో చెప్పెడివారు. ఆ యన్నములో ఆదరము కలదు. దానిని నేను తక్కువ చేసి చెప్పను.

కాని యా పద్ధతికి లోపములును ఉండెను. ఆ యింట మైల వచ్చినను, గృహస్థు గ్రామాంతరము పోయినను, నాటికి విద్యార్థికి ఉపవాసము. ఇది చిన్న లోపము. పెద్ద లోపము మఱియొకటి. వారము దొరకుటకు కులము కావలెను. పంక్తికి తగిన కులమున బుట్టిన మగపిల్లవానికే సాధారణముగా నా సౌకర్యము. దళితుని బిడ్డకుగాని, చేతిపనివాని బిడ్డకుగాని, ఏ కులపు ఆడపిల్లకుగాని వారము పెట్టిన యిండ్లు ఎన్ని? ఊరికి దూరముగా పోయి చదువుట వారిలో నెందఱికో పొసగకపోవుటకు ఈ యన్నపు చిక్కును ఒక కారణమే. తరువాతి కాలమున కొన్ని కులములవారు తమతమ బిడ్డలకై వసతిగృహములు కట్టించిరి. అది మేలే గాని, అక్కడను ద్వారమున నిలిచి యడిగెడి మొదటి ప్రశ్న కులమే.

కూలి తీసికొని యన్నము పెట్టు పూటకూటి యిల్లు దొరలు తెచ్చినది కాదు. మనకు చాల పాతది. వినుకొండ వల్లభరాయని పేర నున్న క్రీడాభిరామమున, ఓరుగంటిలో నొక్క రూక యిచ్చినవానికి సన్నబియ్యపు అన్నము, భక్ష్యములు, పప్పు, కూరలు, నెయ్యి, పెరుగు వడ్డించు పూటకూటి యింటి వర్ణన కలదు. అనగా ఆఱువందల యేండ్ల క్రిందటనే తెలుగు నగరమున బాటసారి రూక చేతబట్టుకొని తలయెత్తి భోజనము చేయగలిగెను. 1897లో అచ్చయిన గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కమున పూటకూళ్లమ్మ యుండనే యున్నది. భర్త పోయిన స్త్రీకి, చేతిలో వేఱు విద్య లేని స్త్రీకి, నలుగురకు వండిపెట్టి బ్రతుకుట గౌరవముతో కూడిన యుపాధిగా నుండెను.

ఇందునకు మన చరిత్రలో నొక గొప్ప నిదర్శనము కలదు. 1872లో జన్మించిన టంగుటూరి ప్రకాశము గారు చిన్నతనముననే తండ్రిని కోల్పోయిరి. తల్లి సుబ్బమ్మ గారు ఒంగోలులో పూటకూటి యిల్లు నడపి బిడ్డలను పెంచిరి. ఆ పూటకూళ్ల డబ్బుతో పెరిగిన బాలుడే 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రమునకు మొదటి ముఖ్యమంత్రి యయ్యెను. “అన్నము అమ్ముకొనువాడు” అని హోటలువానిని చులకనగా చూచువారు ఈ కథను ఒక్కసారి తలచుకొనవలెను.

అన్నవిక్రయము దోషమని పూర్వులు చెప్పిరి గదా యని మీరు నన్నడుగవచ్చును. చెప్పిరి. ఉచితముగా పెట్టుట ఉత్తమమనుటలో సందేహము లేదు. గోదావరీతీరమున లంకల గన్నవరమందు డొక్కా సీతమ్మ గారు, 1841 మొదలు 1909 వఱకు జీవించిన మహాసాధ్వి, వేళ గాని వేళ వచ్చినవారికిని వండి వడ్డించి ఆంధ్రుల యన్నపూర్ణ యనిపించుకొనెను. ఐనను ఊరి కొక్క సీతమ్మ గారు పుట్టునంతవఱకు వేలకొలది విద్యార్థులు కడుపు మాడ్చుకొని కూర్చుండలేరు. న్యాయమైన వెల తీసికొని, శుభ్రమైన యన్నము, కొలతకు తక్కువ కాకుండ పెట్టువాడు దోషి కాడు. వెల తీసికొని పాచిన యన్నము పెట్టువాడే దోషి.

హోటలుకు మఱియొక గుణము కలదు. దానిని మనము తఱచు గుర్తింపము. మన తాతల కాలపు కాఫీ హోటళ్లలో బ్రాహ్మణులకు వేఱు గది, ఇతరులకు వేఱు బల్లలు ఉండెడివి. దళితులకు లోనికి ప్రవేశమే యుండెడిది కాదు. 1950 జనవరి 26న అమలునకు వచ్చిన మన రాజ్యాంగము పదునేనవ అధికరణమున, జాతి మత కుల లింగ జన్మస్థలముల కారణమున ఎవ్వరికిని దుకాణములందును, భోజనశాలలందును, హోటళ్లందును ప్రవేశము నిరాకరింపరాదని పేరుపెట్టి చెప్పినది. రాజ్యాంగము వ్రాసినవారికి దేశమును గూర్చి యెన్నియో పెద్ద చింతలుండగా హోటలు మాట యేల వ్రాసిరి? ఒకే పంక్తిని కూర్చుండి తినుట యెంత పెద్ద మాటయో వారెఱుగుదురు గాన. 1955లో వచ్చిన అస్పృశ్యతా నేరముల చట్టము, ప్రవేశము నిరాకరించుటను శిక్షార్హము చేసినది. నేడు ఏ యూరి బిడ్డయైనను, ఆడుగాని మగగాని, రుద్రవరపు విద్యాలయము వెలుపల నొక బల్లముందు కూర్చుండి “రెండిడ్లీ” యనిన, నీవెవరవని యడుగువాడు లేడు. వారములలోని యాదరము పోయినను, ఈ సమత్వము వచ్చినది. సమత్వమును నిలుపుకొని యాదరమును మరల సంపాదించుకొనుట మన పని.

ఇప్పుడొక బాలిక కథ చెప్పెదను. నేను పాఠము చెప్పిన పిల్ల. మా ప్రాంతపు రైతు మనుమరాలు. పైచదువునకు ప్రతిదినము ఊరినుండి బందరునకు బస్సులో పోయివచ్చుచుండెను. ఉదయము ఆఱున్నరకు బయలుదేఱిన, ఇల్లు చేరునప్పటికి సాయంకాలము ఆఱు గంటలు. తాతగారు నాకు చిరకాల మిత్రులు, ధర్మము తెలిసినవారు. ఐనను ఆడపిల్ల హోటలులో కూర్చుండి తినుట తగదని వారి నిశ్చయము. తెల్లవాఱుజామున వంట ముగించి కట్టియిచ్చుటకు ఇంట నోపిక గలవారు లేరు. ఆ పిల్ల రెండు బిస్కత్తులతో, ఒక యరటిపండుతో పగలంతయు గడపుచు, ఆ మాట ఎవ్వరితోను చెప్పక, నాలుగు నెలలు నెట్టుకొనివచ్చెను. తుదకు తల తిరిగి బస్సులో పడిపోయెను. రక్తము తక్కువగా నున్నదని వైద్యుడు చెప్పెను. ఇది యామె యొక్కతె మాట కాదు. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబారోగ్య సర్వేలో మన రాష్ట్రమున పదునేను మొదలు నలువదితొమ్మిది యేండ్ల లోపు స్త్రీలలో నూటికి 58 మందికి పైగా రక్తహీనులని తేలినది.

తాతగారు నాకడకు వచ్చి “ఇక చదువు మాన్పించెదను, పంతులుగారూ” అనిరి. “పిల్ల చదువులో నేమి తప్పున్నది? మాన్పవలసినది పస్తు” అని నేనంటిని. మఱునాడు ఇద్దఱమును బందరు పోయితిమి. రెండు చోట్ల కూర్చుండి చూచి లేచి వచ్చితిమి. మూడవది భార్యాభర్త లిద్దఱు తమ యింటి ముందు గదిలో నడపు చిన్న మెస్సు. పది బల్లలైనను లేవు. ఒక మూల నలుగురు విద్యార్థినులు, మఱియొక మూల ఇద్దఱు బోధకులు తినుచుండిరి. తాతగారు వంటగదిలోనికి తొంగిచూచి, నీళ్లెక్కడివని యడిగి, పప్పన్నము తిని, చేయి కడుగుకొని, నెల రుసుము ముందుగా చెల్లించిరి. “మా పిల్లకు పెరుగు రెండవమాఱు కూడ వేయుడు” అని యొక మాట మాత్రము చెప్పిరి. ఆ పిల్ల చదువు సాంగముగా పూర్తియైనది. ఆనాడు మేము చూచిన మూడు చోట్లను బట్టియు, తరువాత నేను చూచిన యనేకములను బట్టియు, విద్యాలయముల చెంతనుండు భోజనస్థలములను గూర్చి కొంత చెప్పెదను. ఏ దుకాణము పేరును చెప్పను. పేళ్లు ఏడాదికొకసారి మాఱును, గుణములు మాఱవు.

ఉదయపు ఫలహారమునకు టిఫిను బండ్లు, చిన్న హోటళ్లు ప్రతి కళాశాల చెంతను కలవు. బందరుకు రైలులో పెడన మీదుగా వచ్చు పిల్లలును, గుడివాడ స్టేషనులో బండి మాఱు పిల్లలును ఇంట నేమియు తినకుండ వత్తురు గాన వీరికివి ప్రాణాధారములు. ఇడ్లి యన్నిటికంటె మేలు. అది యావిరిమీద నుడికినది. నూనె దోషము లేదు. మినుమును బియ్యమును కలసి పులియుటచే తేలికగా జీర్ణమగును. పెసరట్టు మన ప్రాంతపు బలవర్ధకమైన ఫలహారము. పెసలు నానబోసి నాడే రుబ్బినదైన దాని కెదురు లేదు. చిక్కు అంతయు పచ్చడిలో నున్నది. ఇడ్లి వేడిగానే వచ్చును గాని, కొబ్బరి పచ్చడి తెల్లవాఱుజామున పచ్చినీళ్లతో రుబ్బి పది గంటల దాక బయట నుంచుదురు. వేసవిలో అది పులిసి కడుపున బాధ పెట్టును. వాసన తేడాగా నున్న పచ్చడిని వదలి, కారప్పొడితోనో అల్లపు పచ్చడితోనో తినుమని బిడ్డలకు చెప్పుడు.

మధ్యాహ్నమునకు మెస్సు. అన్నము, పప్పు, ఒక కూర, పులుసో చారో, పెరుగు. దినదినమును ఒకేచోట తినువారికి ఇంతకంటె మంచిది లేదు. ఏలన, మెస్సువానికి నెల చివర మరల మన రుసుము కావలెను. నేడు చెడ్డ యన్నము పెట్టిన రేపు పిల్లవాడు రాడు. బస్సు నిలుచు కూడలిలోని హోటలువానికి ఆ భయము లేదు. వచ్చినవాడు మరల వచ్చునా రాడా యను చింత అతనికి పట్టదు. కావున క్రొత్తగా ఊరు చేరిన విద్యార్థి కూడలి వదలి, ఒక వీథి లోనికి పోయి వెదకవలెను. బందరున కోనేరు సెంటరు ప్రాంతమందైనను, గుడివాడ బస్టాండు చెంతనైనను ఇదియే సూత్రము.

అవనిగడ్డలో గదులు తీసికొనువారికి కర్రీ పాయింటు అను క్రొత్త సౌకర్యము కలదు. అన్నము గదిలో విద్యుత్తు కుక్కరున వండుకొని, కూరయు పప్పును మాత్రము కొని తెచ్చుకొందురు. ఇది తెలుగునాట బాగుగా అల్లుకొన్న ఏర్పాటు. ఖర్చు తక్కువ, అన్నము వేడి. కాని కాగుచున్న పులుసును పలుచని ప్లాస్టికు సంచిలో పోసి ముడివేసి యిత్తురు. అది మంచిది కాదు. ఇంటినుండి రెండు స్టీలు గిన్నెలు మూతలతో పంపుడు. ఆ రెండు గిన్నెలు మీ మనుమనికి పుస్తకములతో సమానము.

సాయంకాలమునకు పునుగులు, బజ్జీలు, ఆపైన ఫాస్టు ఫుడ్డు బండ్లు వచ్చును. నూడుల్సు, ఫ్రైడు రైసు అనునవి పిల్లల కిష్టము. వానిని పూర్తిగా మానుమనిన వారు మానరు. మనము చెప్పినను వినరు. తెలిసికొనవలసిన దొకటి కలదు. ఉదయము వండి చల్లార్చిన యన్నమును రాత్రి పెనముమీద వేయించి యిచ్చుటయే ఫ్రైడు రైసు. వండిన యన్నము గంటల తరబడి గోరువెచ్చగా నుండిన, అందు ఒక జాతి సూక్ష్మజీవి పెరిగి విషము పుట్టించును. మరల వేయించినను ఆ విషము పోదు. కావుననే వండిన పదార్థమును అఱువది డిగ్రీలకు మించిన వేడిలోనైనను ఉంచవలెను, లేదా త్వరగా చల్లార్చి శీతలయంత్రమున నుంచవలెనని నిపుణులు చెప్పుదురు. మన అమ్మమ్మలు రాత్రి యన్నమును నీళ్లుపోసి పులియబెట్టి చద్దిగా తినిరే గాని, గోరువెచ్చగా మూతపెట్టి యుంచలేదు.

నూనె సంగతియు చెప్పవలెను. మాటిమాటికి కాచిన నూనె నల్లబడి, చిక్కబడి, కంటికి పొగ కొట్టును. 2018 జూలై 1 నుండి, చెడిన యంశములు నూటికి 25 పాళ్లు మించిన నూనెను వాడరాదని కేంద్ర ఆహార భద్రతా సంస్థ నిబంధన చేసినది. ఆ లెక్క మనకు కంటితో తెలియదు గాని, రంగు తెలియును, వాసన తెలియును. వేడి బజ్జీలను వార్తాపత్రికలో చుట్టి యిచ్చుటయు మంచిది కాదు. సిరాలోని పదార్థములు నూనెతో కలసి కడుపులో చేరును. అరటియాకు ముక్క కృష్ణాతీరమున కఱవా?

దివిసీమలో, గిలకలదిండి రేవు గల బందరులో, చేపల భోజనము ప్రసిద్ధము. నేను శాకాహారిని గాన రుచి చెప్పజాలను. తినువారు చెప్పు మాట యిది: చేప తాజాయైన మొప్పలు ఎఱ్ఱగా నుండును, కన్ను తేటగా నుండును, మసాలాతో వాసన కప్పవలసిన పని యుండదు. నాగాయలంక, కోడూరు ప్రాంతముల బిడ్డలకు ఈ పరీక్ష మనము నేర్పనక్కఱలేదు.

తీపి మాట యెత్తక బందరును విడువరాదు. సెనగపిండి పూసను వేయించి, దంచి, బెల్లపు పాకముతోను నేతితోను కట్టు తొక్కుడు లడ్డు బందరు లడ్డుగా పేరొంది 2017లో భౌగోళిక గుర్తింపు పొందినది. గోధుమపాలతో చేయు బందరు హల్వాయు పేరొందినదే. పరీక్ష గట్టెక్కిన దినమున ఒకటి తినదగును. పూట భోజనమునకు బదులు తినదగదు.

చేతిలో డబ్బు తక్కువగా నున్న విద్యార్థికి ప్రభుత్వపు టేర్పాటు ఒకటి కలదు. నందమూరి తారకరామారావు గారి పేర 2018లో మొదలైన అన్న క్యాంటీన్లు 2019లో మూతబడి, 2024 ఆగస్టు 15న మరల తెఱవబడినవి. ఆ మొదటి క్యాంటీను తెఱచినది మన గుడివాడలోనే. ఆ మహానటుడు పుట్టిన నిమ్మకూరు మన జిల్లాలోనిదే గదా. పూట కైదు రూపాయలు; ఉదయము, మధ్యాహ్నము, రాత్రి తినినను దినమునకు పదునేను రూపాయలు. అక్కడ తినుట లోకువ యని మన పిల్లలు సిగ్గుపడుదురేమో. పడనక్కఱలేదని మనము చెప్పవలెను. 2025 జనవరిలో ప్రభుత్వ జూనియరు కళాశాలలలో డొక్కా సీతమ్మ గారి పేర మధ్యాహ్న భోజనము ఆరంభమైనది. కళాశాల చదువునకును అన్నమునకును గల సంబంధమును ప్రభుత్వమును గుర్తించినదన్న మాట.

ఇక పరీక్షింపవలసిన విధము. మొదట నీరు. మన సముద్రతీర గ్రామములలో భూగర్భజలము ఉప్పన. హోటళ్లు చెఱువునీటినో డబ్బానీటినో వాడును. త్రాగునీరు మాత్రమే కాదు, పళ్లెములు కడుగునీరును చూడవలెను. ఒకే తొట్టిలో నూఱు పళ్లెములు ముంచితీయు చోట కూర్చుండరాదు. రెండవది వంటగది. చూపుట కిష్టపడని వంటగదిలోని యన్నము తినరాదు. మూడవది, తినువారెవరో చూడవలెను. దినదినమును వచ్చు విద్యార్థులు, బోధకులు, గుమాస్తాలు తినుచున్న అది మంచి గుర్తు. యజమానియు నదే యన్నము తినుచున్న ఇంక సందేహము లేదు. నాలుగవది, ఆడపిల్లలు నిర్భయముగా కూర్చుండు చోటేనా యని చూడవలెను. అయిదవది, 2006 నాటి ఆహార భద్రతా చట్టము క్రింద పొందిన పదునాలుగు అంకెల సంఖ్యను గోడమీద పెట్టినాడా యని చూడవలెను. చిన్న బండివానికిని నమోదు కావలెను. సంఖ్య యున్నంతమాత్రమున అన్నము మంచిదని కాదు; కాని చెడినప్పుడు చెప్పుకొనుటకు ఒక చోటున్నదని తెలియును.

ఏమి తినవలెనను విషయమున మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో సూచనలు ప్రకటించినది. పళ్లెములో సగము కూరగాయలు, పండ్లు ఉండవలెననియు, మిగిలిన సగము ధాన్యము, పప్పు మొదలగువానితో నిండవలెననియు, దినమునకు ఉప్పు అయిదు గ్రాములు మించరాదనియు దాని సారము. మన డెల్టావారి పళ్లెములో అన్నపు గుట్ట ప్రక్కన కూర గోరంత యుండును. మెస్సువానిని రెండవమాఱు అన్నమునకు బదులు రెండవమాఱు పప్పు అడుగుమని పిల్లలకు చెప్పినచో చాల మేలు జరుగును.

చివరగా మన కర్తవ్యము. బిడ్డను చేర్చిన నాడే ఒక పూట ఆ యూర నుండి, ఆతడు తినబోవు చోట మీరును కూర్చుండి తినుడు. మీ నోటికి తగని యన్నము వాని నోటికిని తగదు. భోజనపు డబ్బును నెల మొదట మెస్సువాని కే చెల్లించుట మంచిది. చేతి కిచ్చిన డబ్బు సెల్‌ఫోనునకు పోవచ్చును. దినుసుల ధరలు పెరిగినప్పుడు, మెస్సువాడు పది రూపాయలు పెంచిన, వానితో జగడమాడకుడు. పెంచని వాడు పప్పులో నీళ్లు పెంచును. ఆడపిల్లకు హోటలు తగదను మాట విడువుడు. తగిన హోటలు వెదకి చూపుడు. సాయంకాలము ఫోనులో మార్కు లెన్ని యని యడుగుటకు ముందు “మధ్యాహ్న మేమి తింటివి?” అని యడుగుడు. వాడు తడబడిన, మఱుసటి బస్సునకు బయలుదేఱుడు.

తైత్తిరీయోపనిషత్తు అన్నమును నిందింపరాదనియు, అన్నమును సమృద్ధిగా చేయవలెననియు, వసతి కోరి వచ్చినవానిని త్రిప్పి పంపరాదనియు వ్రతములుగా విధించినది. ఇవి గృహస్థునకు చెప్పినవే యైనను, విద్యాలయపు వాకిట పొయ్యి వెలిగించి కూర్చున్న ప్రతి స్త్రీకి, ప్రతి పురుషునకు నేడు ఇవి వర్తించును. మన బిడ్డలకు ఇప్పుడు వారమిచ్చు గృహములు వారివే. వారిని గౌరవింతము, వారి లెక్కలు సకాలమున తీర్చుదము, వారు తప్పుచేసిన నిర్మొగమాటముగా చెప్పుదము.